పెరటి మొక్కలపై అపోహలు – వాస్తవాలు: ముందు నేలను చూడండి

హైదరాబాద్ కాలనీల్లో రెండు వందల గజాల్లో ఇల్లు కట్టాక గోడకీ ప్రహరీకీ మధ్య మిగిలేది చాలాచోట్ల మూడు నుంచి ఐదడుగుల జాగా. కరివేపాకు, మందారం, నిమ్మ అన్నీ అందులోనే సర్దుకోవాలి. నాటిన మొక్క చచ్చిపోతే ‘మా చెయ్యి మంచిది కాదు’ అని వదిలేస్తారు. చాలాసార్లు లోపం చేతిలో లేదు, నేలలో ఉంటుంది.

అపోహ: ఎర్రమట్టి పోయించి నాటితే చాలు.

వాస్తవం: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు అక్కడే పూడ్చి, పైన జానెడు ఎర్రమట్టి పరుస్తారు. మొదటి ఏడాది మొక్క బాగానే ఉంటుంది. వేరు ఆ రద్దులోకి దిగాక గిడసబారుతుంది. అందుకే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి రద్దంతా ఏరేయండి. తర్వాత గుంత నిండా నీళ్లు పోసి చూడండి. తెల్లారేసరికి కూడా నీళ్లు నిలిచే ఉంటే కింద గట్టి మొరమో రాయో ఉన్నట్టు. వానాకాలంలో ఆ గుంత తొట్టిలా మారి వేరు కుళ్లుతుంది. అక్కడ నాటొద్దు. ఒకటిన్నర అడుగుల ఎత్తున ఇటుకలతో మడి కట్టి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు వదిలి అందులో నాటండి. నీళ్లు ఇంకిపోతే రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి గుంత నింపండి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగును పిలిచినట్టే. జూన్, జూలైల్లో రెండు మంచి వానలు పడ్డాక నాటితే వేరు త్వరగా పట్టుకుంటుంది.

అపోహ: ఆకులు పసుపెక్కితే కోడిగుడ్డు పెంకులు వేయాలి.

వాస్తవం: ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడాలి. చివురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. మందారం, నిమ్మ, గులాబీల్లో ఇది తరచూ కనిపిస్తుంది. మట్టిలో ఇనుము ఉంటుంది. కానీ సిమెంటు, సున్నం, ఉప్పు బోరు నీళ్ల వల్ల నేల క్షారంగా మారి, వేరుకు అది అందదు. అలాంటి నేలలో గుడ్డు పెంకులు వేయడమంటే సున్నం మీద సున్నం వేయడమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం తేడాతో రెండు, మూడు సార్లు చాలు. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి. తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, పనిచేయదు. పక్కన గోడ, టైల్స్ ఉంటే గోనెపట్టా కప్పండి, ఆ మరక తేలిగ్గా పోదు. ఫలితం కొత్తగా వచ్చే చివుళ్లలో చూడాలి. పాలిపోయినవి కింది ముదురాకులైతే సంగతి వేరు: మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు, లేకపోతే బహుశా నత్రజని చాలడం లేదు.

అపోహ: మల్లె, సంపెంగ వాసనకు పాములొస్తాయి.

వాస్తవం: పాముకు పూలతో పనిలేదు. ఎలుకలు, కప్పల కోసం వస్తుంది. పాత ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టల గుట్ట తీసేసి, పొదల అడుగున ఒక అడుగు ఖాళీ కనబడేలా కత్తిరించండి. ఈ భయంతో మంచి మల్లెపొదను నరికేయడం అన్యాయం.

అపోహ: మొత్తం గచ్చు చేయిస్తే దోమలుండవు.

వాస్తవం: దోమ పుట్టేది నిలిచిన నీళ్లలో. కుండీల కింది పళ్లేలు, కూలర్ అడుగు, మూత సరిగా పడని సంపు చూసుకోండి. డెంగీ దోమ గుడ్లు పాత్ర అంచుకు అతుక్కుంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి పీచుతో రుద్దాలి. గచ్చు వల్ల వాన నీరు ఇంకే దారి మాత్రం మూసుకుపోతుంది. చెట్టు చుట్టూ కనీసం మూడడుగుల పాదు వదలండి.

అపోహ: కొబ్బరి వేళ్లు పునాదిని పగలగొడతాయి.

వాస్తవం: కొబ్బరికి తల్లివేరు లేదు. పీచువేళ్లు వేలి మందం దాటి లావెక్కవు. గోడను చీల్చేది రావి, మర్రి. పిట్టల రెట్టలతో పడిన విత్తనం గోడ సందులో మొలిస్తే నాలుగాకుల దశలోనే వేరుతో సహా పీకాలి. అయినా ఐదడుగుల సందులో కొబ్బరి పెట్టొద్దనే చెబుతాం: పదిహేనడుగుల మట్ట గోడకూ కరెంటు తీగలకూ రాసుకుంటుంది, కాయ తల మీద పడుతుంది.

అపోహ: కరివేపాకు కొమ్మ విరిస్తే చెట్టు ఎదగదు.

వాస్తవం: కింది ఆకులు ఒక్కొక్కటే దూస్తే చెట్టు పైకి కర్రలా పోతుంది. నడుం ఎత్తుకు రాగానే చివర తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. తర్వాత కూడా ఆకు కావాలంటే కొమ్మ చివరనే నాలుగైదు రెబ్బలతో కత్తిరించుకోండి. చలికాలంలో చివురు ఆగడం జబ్బు కాదు. అప్పుడు ఎరువు వేయకుండా, నీళ్లు తగ్గించి, ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరించి పాదులో ఎరువు వేయండి.