ఇల్లు ఖాళీ చేస్తున్న చెట్టు

శరత్కాలపు అడవులు చూసొచ్చిన ఒక పాఠకురాలు అడిగారు: "ఆకులు ఎర్రబడటం మన జుట్టు నెరవడం లాంటిదేనా?" పసుపు విషయంలో దాదాపు అంతే. కెరొటినాయిడ్లు అనే పసుపు రంగులు ఆకులో మొదటినుంచీ ఉంటాయి, పత్రహరితం తగ్గగానే బయటపడతాయి. ఎరుపు మాత్రం నెరవడం కాదు, పనిగట్టుకుని రంగేసుకోవడం! ఆంథోసయనిన్ అనే ఆ రంగును చెట్టు అప్పటికప్పుడు చక్కెర ఖర్చుపెట్టి తయారుచేస్తుంది. బడిలో ఈ రెండింటినీ కలిపి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మజా అంతా అక్కడే పోతుంది.

రేపో మాపో వదిలేసే అద్దె ఇంటికి ఇవాళ ఎవరైనా కొత్త పరదాలు కొంటారా? చెట్టు కొంటుంది, ఎందుకంటే సామాను సర్దడం ఇంకా అవలేదు. అందులో ఖరీదైనది నత్రజని. అది ఎక్కువగా ప్రోటీన్లలో ఉంటుంది. వాటిలో కొన్ని పత్రహరితాన్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి ముందు దాన్ని ఊడదీయాలి. అలా విడిపడ్డ పత్రహరితం మీద ఎండ పడితే ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు అంటుకుని కణాన్నే పాడుచేస్తుంది. అందుకే చెట్టు దాన్ని అంచెలంచెలుగా విరగ్గొట్టి, రంగులేని ముక్కలు చేసి, కణంలోని రిక్తిక అనే సంచిలో పడేస్తుంది. ఒక్కో పత్రహరితం అణువులో 4 నత్రజని పరమాణువులున్నా వాటి జోలికి పోదు. గోడకు కొట్టిన మేకులు ఎవరు పీక్కెళ్తారు! ప్రోటీన్లను మాత్రం అమైనో ఆమ్లాలుగా విప్పి కొమ్మల్లోకి, బెరడులోకి తరలిస్తుంది. ఈ సర్దుడు అయ్యేదాకా ఎండను ఆపే పరదాయే ఎరుపు అని ఒక వాదన. మెరిసే రంగులు పేనుబంక పురుగులకు హెచ్చరిక అని 2001లో అచ్చయిన వ్యాసంలో జీవశాస్త్రవేత్తలు హామిల్టన్, బ్రౌన్ వాదించారు. నా ఓటు పరదాకే.

పరదా అనుకుంటే ట్రిప్ ప్లాన్ చేసుకోవడమూ తేలికే. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న వారాలు చూసుకోండి. పగలు తయారైన చక్కెర, కాడ దగ్గర నాళాలు మూసుకుపోతుండటంతో, ఆకులోనే చిక్కుకుంటుంది. అంటే పరదాకు గుడ్డ దొరికినట్టే. మంచు పడితేనే రంగొస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి గట్టి మంచు కణాలను చంపి ఆకును గోధుమరంగులోకి దింపేస్తుంది. కొండల్లో రంగు పైనుంచి కిందికి దిగుతుంది. ఆలస్యంగా వెళ్లారా, టెన్షన్ పడకుండా లోయవైపు దిగండి. అమెరికాలో వర్జీనియా, నార్త్ కరొలైనాల మీదుగా 469 మైళ్లు సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద ఎత్తు మారుతూనే ఉంటుంది కాబట్టి, సీజన్లో కొన్ని వారాలపాటు ఎక్కడో ఒకచోట రంగు దొరుకుతూనే ఉంటుంది.

ఫొటోలు తీశాక కారు దిగి కాస్త నడవండి. ఎర్రబడ్డ మేపుల్ కొమ్మ చేతికందితే, ఒక ఆకు మీద ఇంకో ఆకు ఒరిగిన చోటు వెతికి, పై ఆకును మెల్లగా పక్కకు జరపండి. చాలాసార్లు కింది ఆకు ఎండ తగిలినంత మేర ఎర్రగా, నీడపడ్డ మేర పసుపుగా ఉంటుంది. మధ్యలో పై ఆకు అంచు, దాని పళ్లతో సహా, అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.