తివాచీ కొనేముందు ఒక పోగు లాగండి

చిరంజీవులు పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. విశాఖలో కొత్త ఫ్లాటు హాల్లోకి తివాచీ ఏ రంగుది కొనాలా అని మీ ఇద్దరూ పోట్లాడుకున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు. రంగు సంగతి తర్వాత చూద్దాం. అది దేనితో నేసిందో అడిగారా? నేను ఒకసారి అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

పాతికేళ్ల కిందట ఎగ్జిబిషన్లో ఒక తివాచీ కొన్నాను. "పట్టు అమ్మా, చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు కొట్టతను. చెయ్యి పెడితే జారిపోతోంది, తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చిన వారానికే మీ తాతయ్య దాని మీద కాఫీ ఒలకబోశారు. తడిగుడ్డతో గట్టిగా తుడిచాను. ఆరాక చూస్తే ఆ మేర పోగులు అట్టకట్టి, పసుపుపచ్చటి మరక! అనుమానమొచ్చి అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించాను. కాగితం కాలిన వాసన. అసలు పట్టయితే వెంట్రుక కాలిన కంపు కొట్టాలి. అది విస్కోస్. కలప గుజ్జుతో తీసిన దారం. పట్టులా మెరుస్తుంది గానీ తడిస్తే బలం పోతుంది.

ఆ పరీక్ష మీరూ చెయ్యండి. పెద్దవాళ్లు పక్కనుండాలి, స్టీలు పళ్లెంలో ఒక్క పోగే పెట్టాలి. ఉన్నీ పట్టూ మన జుట్టులాగే మాంసకృత్తులు, అందుకే ఆ కంపు. నిప్పు తీసేస్తే చాలావరకు వాటంతటవే ఆరిపోతాయి. నూలు, జనపనార మొక్కల నుంచి వచ్చినవి కాబట్టి కాగితంలా మండి బూడిదవుతాయి. నైలాన్, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతాయి. ఆ పూస వేడిగా ఉన్నప్పుడు ముట్టుకున్నారో, చర్మానికి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాన్ని గుర్తుపట్టడానికి నిప్పుతో పనే లేదు. నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా నలిపి వదలండి. అది తేలుతుంది, నైలాన్ మునుగుతుంది.

హాలుకి డబ్బుంటే ఉన్నిదే కొనమంటాను. ఏలూరు దాన్ని కాబట్టి పక్షపాతం అనుకోండి. మా ఊరి తివాచీలు ఉన్నివే. మొగలాయీల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఈ విద్య తెచ్చారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఉన్నిపోగు ముడుతలు ముడుతలుగా ఉంటుంది. సోఫా కాలు నొక్కినా మెల్లగా లేచి నిలబడుతుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. కొత్తలో కొన్నాళ్లు నూగు రాలుతుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకుంటే ఎలా? రాలనివ్వండి. చిమ్మట పిల్లపురుగులకు మాత్రం ఉన్ని మహా ఇష్టం. సోఫా కింద, బీరువా కింద చీకట్లో ఉండే భాగాన్ని నెలకోసారి తిరగేసి దులపండి.

ఉన్నికి డబ్బు చాలకపోతే నైలాన్. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పుట్టిన ఈ దారానికి తొక్కుళ్లు తట్టుకునే ఓపిక ఎక్కువ. పాలిస్టర్ మెత్తగా ఉంటుంది, మరకలు అంతగా పట్టవు. కానీ నడిచే దారిలో త్వరగా అణిగిపోతుంది.

జనపనార తివాచీ చూడముచ్చటగా ఉందని బాల్కనీలో వేద్దామంటున్నారట. వద్దు. సముద్రపు గాలికీ వానజల్లుకీ నాని మచ్చలు పడుతుంది, బూజు పడుతుంది. అక్కడికి పాలీప్రొపిలీన్ చాలు. మీ పక్కనే ఉన్న భీమునిపట్నం రేవు నుంచి ఒకప్పుడు గోగునార ఓడలకెక్కేది, దాన్ని బిమ్లీ జూట్ అనేవారు. ఆ గోగు మన గోంగూరకు దగ్గరి చుట్టమే. అలాంటి నారతో నేసినవి తడి తగలని పడగ్గదిలో అయితే బాగుంటాయి.

చిన్నాడు పాలు ఒలకబోసే గదికి మటుకు వరంగల్ జంపఖానా తెచ్చుకోండి. నూలుది, ఉతుక్కోవచ్చు, దండెం మీద ఆరేసుకోవచ్చు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. భోజనాల బల్ల కింద మాత్రం ఏదీ వెయ్యొద్దు, పప్పుచారు సంగతి మీకు తెలుసుగా.

ఆదివారం దుకాణానికి వెళ్తే తివాచీని వెనక్కి తిప్పి చూడండి, చీటీ చదవండి. కొట్టతన్నడిగి తలా ఒక పోగు తీసి, ఏది దేనిదో రాసి కవర్లో పంపండి. ఇక్కడ నా అగ్గిపెట్టె సిద్ధంగా ఉంది.

ఇట్లు
మీ అమ్మమ్మ