క్లస్టర్‌లో వాల్యూమ్ లాక్: అపోహలు, వాస్తవాలు

భీమవరం, కాకినాడ వైపు నుంచి నాకు వచ్చే రికవరీ ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటే: "వాల్యూమ్ లాక్ దొరకట్లేదంటోందండి. డిస్క్ పోయినట్టేనా?"

పోలేదండీ. వాడుకలో ఉంది, అంతే. క్లస్టర్ అంటే ఒకే డిస్క్‌ని పంచుకుని, ఒకటి ఆగితే ఇంకోటి పని అందుకునే సర్వర్ల జట్టు; అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. ఫైళ్లుండే డిస్క్ భాగం వాల్యూమ్, దాన్ని ఒకే ప్రోగ్రామ్ పూర్తిగా తన చేతిలోకి తీసుకోవడం లాక్.

అపోహ: లాక్ ఇవ్వకపోతే బలవంతంగా లాక్కోవాలి.

వాస్తవం: కొంప ముంచేది ఇదే. చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే టూల్) రిపేరు చేయాలంటే వాల్యూమ్ మొత్తం దాని ఒక్కదాని చేతిలో ఉండాలి. ఏ సర్వీసైనా అందులో ఫైల్ తెరిచి ఉంచితే లాక్ రాదు. దానికి తోడు, డిస్క్‌ని ఒకేసారి ఒక్క నోడే వాడేలా చూసే స్కజీ రిజర్వేషన్ కాపలా ఒకటి. దాన్ని క్లియర్ చేసి డిస్క్‌ని రెండో నోడ్‌లో తెరవమని ఎవడో వీడియోలో చెబుతాడు, మనవాళ్లు చేసేస్తారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కి గానీ లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4కి గానీ పక్క నోడ్ ఏం రాస్తోందో తెలియదు. దేని క్యాష్ దానిదే, రెండు నోడ్‌లూ ఒకే మెటాడేటాని (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే లెక్కని) తొక్కేస్తాయి. ధవళేశ్వరం లాకుల్లో పడవ దాటించేటప్పుడు ఒక తలుపు మూశాకే రెండోది తీసేవారు. ఇక్కడా అంతే.

ఆమధ్య ఒక రొయ్యల ప్లాంట్‌లో కరెంటు పోయి వచ్చాక ప్యాకింగ్ లిస్టుల ఫోల్డర్ తెరుచుకోలేదు. తెల్లారితే కంటైనర్ కదలాలి. సిస్టమ్స్ కుర్రాడు యూజర్లందర్నీ బయటికి పంపేశాడు. అయినా లాక్ రాలేదు. ఫోర్స్ డిస్మౌంట్ (వాడుకలో ఉన్నా వాల్యూమ్‌ని బలవంతంగా విడదీయడం) చేయమంటావా అని చెక్‌డిస్క్ అడుగుతోంది. "వై కొట్టేయమంటారా సార్?" అన్నాడు, గొంతు వణుకుతోంది. ఆగమన్నాను. చూస్తే ఓనర్ నోడ్‌లో (అప్పటికి డిస్క్ ఎవరి చేతిలో ఉందో ఆ నోడ్) బ్యాకప్ ఏజెంట్ వాల్యూమ్‌ని పట్టుకుని కూర్చుంది! పాపం, ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

వరస ఇదీ. ముందు స్టోరేజ్‌లో ఆ లన్‌కి (సర్వర్లకి డిస్క్‌లా కనపడే స్టోరేజ్ ముక్కకి) స్నాప్‌షాట్ లేదా క్లోన్, అంటే నకలు తీయండి. దాన్ని క్లస్టర్‌తో సంబంధం లేని వేరే సర్వర్‌కి తగిలించి అక్కడే రికవరీ చేసుకుంటే లాక్ గొడవే ఉండదు. అసలు డిస్క్ మీదే పని తప్పదంటే, ఓనర్ నోడ్ ఏదో చూసుకుని, దాన్ని వాడే అప్లికేషన్, బ్యాకప్, యాంటీవైరస్ ఆపి, డిస్క్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో (రిపేరులో ఉంది, కంగారుపడకని క్లస్టర్‌కి చెప్పే సెట్టింగ్) పెట్టండి. లేకపోతే చెక్‌డిస్క్ డిస్మౌంట్ చేయగానే డిస్క్ ఫెయిలైందనుకుని క్లస్టర్ ఫెయిలోవర్ (పనిని రెండో నోడ్‌కి మార్చడం) మొదలుపెడుతుంది. అన్నట్టు, డిలీటైన ఫైళ్ల కోసమైతే చెక్‌డిస్క్ జోలికే వెళ్లకండి. దొరికిన ఫైళ్లని వేరే డిస్క్‌లోకే తీయండి.

అపోహ: రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే డిస్క్ మీద ఏమీ రాయదు.

వాస్తవం: ఈఎక్స్‌టీ4 అప్పుడు కూడా జర్నల్‌ని (సగంలో ఆగిన మార్పుల చిట్టాని) రీప్లే చేస్తుంది, అంటే ఆ మార్పుల్ని డిస్క్ మీద రాస్తుంది. నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి, లినక్స్‌లోని ఇంకో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కైతే నోరికవరీ.

అపోహ: నోడ్ రీస్టార్ట్ చేస్తే లాక్ గొడవ పోతుంది.

వాస్తవం: రోల్ (క్లస్టర్ నడిపే సర్వీసు, దాని డిస్క్‌తో సహా) రెండో నోడ్‌కి వెళ్తుంది, లాక్ గొడవ దాని వెంటే వెళ్తుంది.

అపోహ: క్లస్టర్ ఉండగా బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: నోడ్‌లు రెండున్నా వాటి వెనక ఉన్న లన్ ఒకటే. ఒక నోడ్‌లో డిలీట్ కొడితే రెండో దాంట్లోనూ పోయినట్టే.