స్టార్ ట్రెక్ టీవీ నుంచి సినిమాకు ఎలా వచ్చిందంటే

టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను సినిమాగా తీస్తున్నారనగానే బడ్జెట్ ఎంత, గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి అన్న మాటే ముందు వస్తుంది. ఆ లెక్క ఎంత తప్పో స్టార్ ట్రెక్ మొదటి రెండు సినిమాలూ చూస్తే తెలిసిపోతుంది.

1966లో అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో మొదలైన ఈ సిరీస్, రేటింగులు లేక 1969లో 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. అసలు ఆదరణ ఆ తర్వాతే వచ్చింది, స్థానిక స్టేషన్లు పాత ఎపిసోడ్లనే మళ్లీ మళ్లీ వేయడంతో. సిరీస్ హక్కులున్న పారామౌంట్ స్టూడియో వాళ్లు 1970ల్లో సినిమా అన్నారు, ఆపేశారు. కొత్త సిరీస్ అన్నారు, కథలు రాయించారు, సెట్లు కూడా వేయించారు. ఇంతలో 1977లో స్టార్ వార్స్ వచ్చి థియేటర్లను ఊపేసింది, ఆ ఏడాది చివర్లో క్లోజ్ ఎన్‌కౌంటర్స్ అనే మరో సైన్స్ ఫిక్షన్ సినిమా కూడా బాగా ఆడేసరికి, ఆ కొత్త సిరీస్ మొదటి ఎపిసోడ్‌కని రాసుకున్న కథనే సాగదీసి సినిమా చేశారు.

1979 డిసెంబరులో వచ్చిన ఆ సినిమాకు రాబర్ట్ వైజ్ దర్శకుడు, ఖర్చు సుమారు 4.4 కోట్ల డాలర్లు. డబ్బులైతే వచ్చాయి. కానీ కెప్టెన్ కిర్క్ చిన్న పాడ్‌లో తన అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ చుట్టూ తిరిగి చూసే సీన్ ఒక్కటే నిమిషాల తరబడి సాగుతుంది. ఓడ అద్భుతంగా ఉంది, కాదనను. అయితే జనం ఇన్నేళ్లూ ఎదురుచూసింది కిర్క్, అతని సహచరుడు స్పాక్, నౌకలోని డాక్టర్ మెక్‌కాయ్‌ల మధ్య మాటల కోసం, అవేమో ఎఫెక్ట్స్ కింద నలిగిపోయాయి.

రెండో సినిమాను టీవీలో పండిపోయిన నిర్మాత హార్వ్ బెనెట్ చేతిలో పెట్టారు. ఆయన పాత ఎపిసోడ్లన్నీ కూర్చుని చూసి, 1967 నాటి 'స్పేస్ సీడ్' ఎపిసోడ్ దగ్గర ఆగాడు. అందులో విలన్ ఖాన్‌ను ఒక కఠినమైన గ్రహం మీద వదిలేసి వెళ్తారు, ఆ తర్వాత అతనేమయ్యాడో సిరీస్ మళ్లీ చెప్పలేదు. ఆ ఖాన్‌నే, అప్పుడు ఆ పాత్ర వేసిన రికార్డో మోంటల్బాన్‌తోనే తీసుకొచ్చారు. నటులకు వయసు మీద పడిందన్న సంగతిని దర్శకుడు నికోలస్ మేయర్ దాచలేదు, దాన్నే కథ చేశాడు. పుట్టినరోజున మెక్‌కాయ్ కళ్లజోడు కానుకగా ఇస్తే కిర్క్ ముఖంలో కనిపించే ఆ బాధ ఎంత పెద్ద బడ్జెట్ పెట్టినా రాదు. ఖర్చు సుమారు 1.2 కోట్ల డాలర్లే, మొదటి సినిమా షాట్లు కొన్ని మళ్లీ వాడేశారు, కిర్క్, ఖాన్ ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడరు. అయినా 1982 జూన్‌లో మొదటి వారాంతపు వసూళ్లలో రికార్డు కొట్టింది.

పాత్రలు బలంగా ఉంటే చాలా అంటే, చాలదు. 2002లో ఫాక్స్ చానల్లో వచ్చిన అంతరిక్ష సిరీస్ ఫైర్‌ఫ్లైకి ప్రాణమిచ్చే అభిమానులున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. తీసిన 14 ఎపిసోడ్లలో 11 మాత్రమే ప్రసారమయ్యాయి. డీవీడీలతో పెరిగిన అభిమానం వల్ల 2005లో ఆ కథకు కొనసాగింపుగా సెరెనిటీ సినిమా వచ్చింది, సుమారు 3.9 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే థియేటర్లలో దాదాపు అంతే వసూలైంది. స్టార్ ట్రెక్‌కు పదేళ్ల పునఃప్రసారాలు ఇంటింటా ప్రేక్షకుల్ని తయారుచేసి పెట్టాయి. ఫైర్‌ఫ్లైకి దక్కింది ఒక్క సీజన్, అదీ ఎపిసోడ్లు వరస తప్పించి వేశారు.