దూలగొండి కాయ: పైన దురద, లోపల మందు

గిట్టని పంతులుగారి కుర్చీ మీద దూలగొండి నూగు చల్లడం మా తరం పిల్లల పాత కొంటెపని. నేను చల్లలేదు. చల్లినవాడి పక్కన కూర్చున్నందుకు దెబ్బలు మాత్రం తిన్నాను.

కంచెల మీద అల్లుకునే ఈ తీగ చిక్కుడు కుటుంబానిదే. కాయ వేలెడు పొడవుంటుంది, ఇంగ్లీషు ఎస్‌లా కాస్త వంపు తిరిగి, ఒళ్లంతా గోధుమరంగు నూగుతో. ఆ నూగు చర్మంలో దిగి మ్యుక్యునైన్ అనే ఎంజైమును వదులుతుంది. దురద కబురు మోసే నరాలను అది నేరుగా రెచ్చగొడుతుంది. దద్దుర్లలో దురద పుట్టించే హిస్టమిన్‌కు ఇక్కడ పెద్దగా పని లేదు. అందుకే హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ మాత్ర వేసుకున్నా దూల తీరదు. గోకితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. టేపు అంటించి లాగెయ్యడం మేలు.

18వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఈ నూగునే పాకంలో కలిపి కడుపులో పురుగులకు ఇచ్చేవాళ్లు. పాపం పిల్లలు!

అసలు సరుకు గింజలో ఉంది. ఆయుర్వేదం దీన్ని ఆత్మగుప్త, కపికచ్ఛు అంటుంది. గింజల్ని పాలలో ఉడికించి, తొక్క తీసి వాడమంటుంది. 1937లో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఈ గింజలోంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. దాని విలువ తెలిసింది మాత్రం చాలా ఏళ్లకి. పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బులో, మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతుంది. డోపమిన్‌నే మింగిస్తే అది మెదడు గడప దాటలేదు. ఎల్-డోపా దాటుతుంది, దాటాక డోపమిన్‌గా మారుతుంది. 1960ల నుంచి ఈ జబ్బుకు అదే ముఖ్యమైన మందు.

2004లో లండన్‌లో 8 మంది రోగులకు 30 గ్రాముల గింజపొడి ఇచ్చి చూశారు. మామూలు ఎల్-డోపా మాత్ర పని మొదలుపెట్టడానికి సుమారు 69 నిమిషాలు పడితే, పొడికి 35 చాలాయి. బాగానే ఉంది, కానీ 8 మందే కదా! పైగా గింజలో ఎల్-డోపా ఎంతుందన్నది రకాన్నీ నేలనీ బట్టి మారుతుంది. 4 నుంచి 6 శాతం అనేది ఓ అంచనా. డబ్బాలో కొన్న పొడి చెంచాలో ఎంతొచ్చిందో ఎవరు చెప్పాలి? డాక్టరు రాసిన మాత్రతో పాటు దీన్నీ మింగితే డోసు మీద డోసు.

డోసు మించితే ఏమవుతుందో 1989లో మొజాంబిక్‌లో కనిపించింది. కరువులో అక్కడి జనం ఈ గింజలు తిన్నారు. మామూలుగా పలుమార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తినాలి. నీళ్లకే కటకట కావడంతో పారబోయలేదు. 200 మందికి పైగా మతి చలించింది.