తూములో పట్టని నీళ్లు ఎటు పోతాయి?

మా వీధి మలుపులో రోడ్డు కింద ఒక తూము ఉంది, 900 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టం. కొండ మీంచి దిగే గెడ్డ, అంటే చిన్న వాగు, అందులో దూరి అవతలి కాలవలో తేలుతుంది. మామూలు రోజుల్లో అక్కడ చీలమండ తడిసేంత నీళ్లు కూడా ఉండవు. కుండపోత మొదలైన పావుగంటకి మాత్రం గొట్టం మూతి కనపడకుండా మునిగిపోతుంది, దాని ముందు నీళ్లు చిన్న చెరువులా లేస్తాయి, మధ్యలో సుడి, ఆ సుడిలో కొబ్బరి బొండాలూ థర్మోకోల్ ముక్కలూ గిరగిరా తిరుగుతుంటాయి. ఇంకో పది నిమిషాలకి నీళ్లు రోడ్డెక్కుతాయి.

విశాఖలో ఇది మా ఒక్క వీధి సంగతి కాదు. హనుమంతవాకలో ‘వాక’ అంటే ఏరు, మేఘాద్రిగెడ్డలో ‘గెడ్డ’ సరేసరి, చావులమదుంలో ‘మదుం’ అంటే కల్వర్టే. కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు ఇది, వాన నీటికి దిగడానికి దొరికే దూరం తక్కువ, వాలు ఎక్కువ. అందుకే వరద గంటల తరబడి కాకుండా నిమిషాల్లో వచ్చేస్తుంది.

అందరూ అనే మాట, తూము చిన్నదైపోయిందని. గొట్టం ఎక్కడా కుంచించుకుపోలేదు కదా, మరి ఏం మారింది? లెక్క వేసి చూద్దాం. 1851లో ఐర్లండ్ ఇంజనీరు మల్వానీ చెప్పిన పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు: వాన జోరుని నేల విస్తీర్ణంతో గుణించి, అందులో ఎంత భాగం ఇంకకుండా పారుతుందో ఆ నిష్పత్తితో మళ్లీ గుణించడం, అంతే. ఉదాహరణకి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. తూముకి నీళ్లు పంపే కొండవాలు 40 హెక్టార్లు, వాన గంటకి 60 మిల్లీమీటర్ల జోరు. వాలంతా చెట్లూ తుప్పలూ ఉన్నప్పుడు పడినదాంట్లో పారేది 0.3 వంతు అనుకుంటే తూము దగ్గరికి సెకనుకి 2 ఘనపు మీటర్లు వస్తాయి. అదే వాలు మీద ఇళ్లూ మెట్లూ సిమెంటు రోడ్లూ వచ్చి నిష్పత్తి 0.7కి చేరితే, అదే వానకి దాదాపు 4.7.

ఇక గొట్టం ఎంత లాగగలదు? మూతి మునిగాక అది తొట్టి అడుగున పెట్టిన రంధ్రంలా పనిచేస్తుంది. రంధ్రంలోంచి నీళ్లు దూసుకొచ్చే వేగం పైన నిలిచిన నీటి ఎత్తుకి వర్గమూలంగా పెరుగుతుందని ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 17వ శతాబ్దంలోనే చెప్పాడు. మనకి ముఖ్యమైన విషయం ఆ వర్గమూలమే. నీటి ఎత్తు రెట్టింపైతే తూము లాగేది రెట్టింపు కాదు, 1.4 రెట్లే. రోడ్డు అంచు గొట్టం మధ్యభాగానికి ఒకటిన్నర మీటరు పైన ఉందనుకుంటే, నీళ్లు అంచుదాకా నిండినా ఈ గొట్టం పంపేది సెకనుకి సుమారు 2.1 ఘనపు మీటర్లు. అంటే పాత కొండకి ఈ తూము సరిగ్గా సరిపోయింది, వేసినవాళ్లు తప్పు చెయ్యలేదు. కొత్త కొండకి సగం కూడా చాలదు.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. కొత్తగా మోడలింగ్, అంటే వరదని కంప్యూటర్లో లెక్కగట్టడం, నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది దీని తర్వాతే, మొదట్లో నేనూ చేశాను. కంప్యూటర్లో తూముని ఒక గొట్టంగా, దాని మూతిని ఒక గుంటగా గీసి, వాన పోసి నడిపిస్తాం. స్విమ్ (SWMM) అని అమెరికా పర్యావరణ సంస్థ 1971 నుంచి అందిస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అందులో మనం ఏమీ మార్చకపోతే, గుంట నిండి పొంగిన నీళ్లు లెక్కలోంచి వెళ్లిపోతాయి. దిగువన అంతా ప్రశాంతంగా ఉన్నట్టు గ్రాఫ్ వస్తుంది, చూసి సంతోషిస్తాం. ఇంకో ఆప్షన్ పెడితే పొంగిన నీళ్లు ఒక ఊహా చెరువులో ఆగి, వాన తగ్గాక బుద్ధిగా అదే గొట్టంలోకి తిరిగి వస్తాయి. బల్లపరుపు ఊళ్లో అది కొంత నిజం కావచ్చు, విశాఖ కొండవాలు మీద మాత్రం రెండూ అబద్ధాలే. ఇక్కడ పొంగిన నీళ్లు మాయం కావు, ఆగి ఎదురుచూడవు, రోడ్డు దాటి ఏ సందు పల్లంగా ఉంటే ఆ సందు పట్టుకుని పోతాయి, ఒక్కోసారి అసలు ఆ గెడ్డతో సంబంధమే లేని ఇంకో కాలవలో కలుస్తాయి.

అందుకని మోడల్లో రెండు దారులు గీయాలి, కింద గొట్టం, పైన రోడ్డు. రోడ్డు అంచుని నీళ్లు పొర్లే గట్టులా చూడాలి, అవతలి సందుని ఒక వెడల్పాటి కాలవలా దాని అసలు వాలుతో, అరుగులతో, ప్రహరీ గోడలతో సహా ఇవ్వాలి. గట్టు మీంచి పొర్లే నీళ్ల సూత్రం తూము సూత్రానికి పూర్తిగా వేరు: లోతు రెట్టింపైతే ప్రవాహం 2.8 రెట్లవుతుంది. మన ఉదాహరణలో రోడ్డు పల్లం 20 మీటర్ల పొడవుంటే, లెక్క ఎక్కడ సర్దుకుంటుందంటే, రోడ్డు మీద 18 సెంటీమీటర్ల నీళ్లు, తూములో 2.2, రోడ్డు మీంచి 2.5 ఘనపు మీటర్లు. అంటే ఒక్కసారి నీళ్లు రోడ్డెక్కాక పెరిగే వరదలో ఎక్కువ భాగం రోడ్డే మోస్తుంది, గొట్టం వాటా పెద్దగా మారదు.

18 సెంటీమీటర్లంటే జానెడు కూడా లేదు కదా, బండి తోసుకుంటూ దాటేద్దాం అనిపిస్తుంది. ఆ 2.5 ఘనపు మీటర్లంటే రెండు సెకన్లకో 5,000 లీటర్ల ట్యాంకరు ఒంపినట్టు. అదంతా 6 మీటర్ల సందులో దిగితే మీటరు వెడల్పుకి సెకనుకి 0.4 ఘనపు మీటర్లు, లోతునీ వేగాన్నీ గుణించినా వచ్చేది ఇదే అంకె. ఈ స్థాయికి చేరితే చిన్నపిల్లలు నిలదొక్కుకోలేరు. అందుకే మోడల్లోంచి లోతు ఒక్కటే తీసి మ్యాపులో రంగులు వేసి చూపిస్తే నాకు భయం వేస్తుంది. వాలు వీధుల్లో లోతు తక్కువగానే ఉంటుంది, కాళ్ల కింద నేల లాగేసేది వేగం.

మరి పెద్ద తూము వేసేస్తే? వెయ్యాలి, కానీ దిగువన చూసుకుని వెయ్యాలి. ఇప్పుడు తూము ముందు లేచే ఆ చిన్న చెరువు కొంత నీటిని కాసేపు పట్టి ఉంచుతోంది. దాన్ని తీసేస్తే ఆ నీళ్లన్నీ ఇంకా ముందుగా, ఇంకా జోరుగా కింది కల్వర్టు మీద పడతాయి, మన వీధి ఆరిపోయి కింది వీధి మునుగుతుంది. ఇక సముద్రానికి దగ్గరగా, హార్బరు వైపు పల్లంలో ఉన్న మదుముల సంగతి వేరు. అక్కడ పోటు సమయంలో అవతలి మూతి దగ్గరే నీటిమట్టం లేచి ఉంటుంది, గొట్టం ఎంత పెద్దదైనా రెండు మూతుల దగ్గర నీటిమట్టంలో తేడా లేకపోతే నీళ్లు కదలవు. అలాంటి చోట వాన లెక్కతోపాటు ఆటుపోట్ల పట్టిక కూడా మోడల్లో పెట్టాలి.

ఇంత చేసినా మోడల్ నిజమో కాదో చెప్పేది గోడ మీద మట్టి చార. మా మలుపులో కిరాణా కొట్టు పెద్దాయన షట్టరు పక్కన సుద్దతో గీతలు గీస్తుంటారు. “వాన వెలిసాక చూడండి బాబూ, చార చెరిపెయ్యకముందే” అంటారు. పై ఉదాహరణలో శుభ్రమైన తూముకి 18 సెంటీమీటర్లు వచ్చింది కదా, సగం పూడిక ఉంటే అదే వానకి 23 వరకూ వస్తుంది, పూర్తిగా మూసుకుపోతే 28 దాకా. ఈ వానాకాలానికి ముందే మీ మలుపులో రోడ్డు మట్టం నుంచి ఒక స్కేలు గోడ మీద పెయింటుతో గీసి పెట్టండి, నీళ్లు నిలిచినప్పుడు దూరం నుంచే టైముతో సహా ఫోటో తీయండి. శుభ్రమైన తూముకి మోడల్ చెప్పినదానికన్నా చార నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంటే, అంకెలు మార్చే ముందు టార్చిలైటు పట్టుకెళ్లి గొట్టంలోకి చూడండి.