"ఒగ బొమ్మేగా, గీసియ్యక్కా!": కామిక్ స్కెచ్ కమిషన్లపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఉంటూ కామిక్స్‌కు బొమ్మలు వేస్తానంటే సగం మంది నమ్మరు. నమ్మినవాళ్లు అడిగే మొదటి మాటే పైన పెట్టాను. పబ్లిషర్లు పంపే పేజీలకు ఇంకింగ్ చేయడం, అంటే పెన్సిల్ బొమ్మకు ఇంకుతో తుది గీత వేయడం, నా అసలు పని. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు అభిమానుల దగ్గర కమిషన్లు తీసుకుంటాను, అంటే వాళ్లకిష్టమైన పాత్రను వాళ్ల ఒక్కరి కోసం ఒక షీటు మీద చేత్తో వేసివ్వడం. ఇప్పుడు కర్నూలు, కడప, హిందూపురం నుంచి కూడా అడుగుతున్నారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. అందరికీ అవే సంగతులు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నా.

అపోహ: పది నిమిషాల పని, దానికింత రేటా?

కన్వెన్షన్‌లో, అంటే కామిక్స్ అభిమానులూ ఆర్టిస్టులూ కలిసే జాతరలో, చూసొచ్చినవాళ్లు ఇలా అనుకోవడంలో తప్పు లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కామిక్ కాన్‌కు పోయి ఆర్టిస్టు టేబుల్ ముందు నిలబడితే, మార్కర్‌తో ఒక తల మీ కళ్ల ముందే తయారైపోతుంది. అది కన్వెన్షన్ స్కెచ్. ఇంట్లో కూర్చుని చేసే కమిషన్ లెక్క వేరు.

ముందు గోరంత సైజులో మూడు నాలుగు థంబ్‌నెయిల్స్ (చిన్న నమూనా బొమ్మలు) వేస్తాం. వాటిలో ఒకటి మీరు ఒప్పుకున్నాక లేత నీలం పెన్సిల్‌తో ఒళ్లు, కోణం, బరువు ఎటు పడుతోందో కుదుర్చుకుని, దాని మీద హెచ్‌బీ పెన్సిల్‌తో గీత ఖాయం చేస్తాం. ఆ తర్వాత ఇంకు. పెన్సిల్ గీత మీదే పెన్ను తిప్పేస్తామని చాలామంది అనుకుంటారు. ఒక్క పిడికిలి చూడండి. వెలుగు పడే వైపు గీత వెంట్రుకంత ఉండాలి. బొటనవేలి కింద నీడలోకి వచ్చేసరికి నిబ్‌ను నొక్కితే దాని రెండు పాయలు విచ్చుకుని గీత లావవుతుంది. వేలి మడత దగ్గర మళ్లీ చెయ్యి తేలిక చేసి ఎత్తాలి. ఇదంతా ఒక్క ఊపులో జరగాలి. మధ్యలో ఆగితే ఆగినచోట బొట్టు కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మా ఊర్లో ఈ పని ఇంకో రకం పరీక్ష: ఫ్యాన్ వేస్తే ఇంకు నిబ్ కొన మీదే ఎండిపోతుంది, ఆపితే చెయ్యి చెమటకు షీటు తడుస్తుంది. అరచేతి కింద పాత కాగితం ముక్క పెట్టుకుని, నిబ్‌ను మాటిమాటికీ తుడుచుకుంటూ గీస్తాం. కేప్, జుట్టు, రాత్రి ఆకాశం లాంటి పెద్ద నలుపులకు బ్రష్ కావాలి. ఆ నలుపు పూర్తిగా ఆరకముందే రబ్బరు పెట్టామంటే బొమ్మంతా పులుముకుంటుంది, అందుకని రాత్రి వదిలేసి పొద్దున చెరుపుతాను.

రేటు కూడా అందుకే మెట్లుమెట్లుగా ఉంటుంది: తల మాత్రమే, నడుము దాకా, నిలువు బొమ్మ, బ్యాక్‌గ్రౌండ్‌తో. ఇద్దరు పాత్రలైతే దాదాపు రెట్టింపు. "యెనకాల చిన్న సిటీ పెట్టక్కా" అంటారు. సిటీలో చిన్నదేముంది నాయనా, ఆ కిటికీలన్నీ ఎవరు గీయాలి?

అపోహ: ఫ్రాన్స్‌లో ఊరికే వేసిస్తారట కదా

నిజమే, సగం. ఫ్రాన్స్, బెల్జియంలలో ఆల్బమ్ (అక్కడ కామిక్ పుస్తకాన్ని అలాగే అంటారు) కొని క్యూలో నిలబడితే ఆర్టిస్టు లోపలి పేజీ మీద చిన్న బొమ్మ వేసి సంతకం పెట్టే ఆచారం ఉంది. ఫ్రాన్స్‌లో 1974లో మొదలైన అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో ఆ క్యూలు ప్రసిద్ధి. అక్కడ పుస్తకం అమ్ముడుపోతోంది, ఆర్టిస్టుకు రాయల్టీ వస్తోంది. అమెరికా పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ పేరున్న ఆర్టిస్టులు కమిషన్ లిస్టు తెరుస్తారు, కొందరికి ఆ వ్యవహారం చూసే ఏజెంట్లే ఉంటారు, లిస్టు నిండగానే మూసేస్తారు. మన దగ్గర ఇటు ఆల్బమ్ అమ్మకాలూ అంతంతమాత్రం, అటు ఏజెంట్లూ లేరు, వాట్సాపే దిక్కు.

అపోహ: ఎన్ని ఫొటోలు పంపితే బొమ్మ అంత బాగా వస్తుంది

దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కమిషన్ బాగా రావడమూ చెడడమూ ఇక్కడే ఉంది.

ఒకబ్బాయి ముఖం ఒక సినిమా స్టిల్‌లో ఉన్నట్టు, నిలబడే తీరు ఇంకో పోస్టర్‌లోది, సూటు పాత కామిక్‌లోది, మజిల్స్ వీడియోగేమ్‌లోవి, చేతిలో కత్తి ఎక్కడిదో తెలియదు, అన్నీ కలిపి ఒక పీడీఎఫ్ పంపాడు. ఒక్కో ఫొటోలో వెలుగు ఒక్కో వైపు నుంచి ఉంది. అలాంటివాటిని అతికిస్తే ఫ్లెక్సీ అవుతుందేమో, బొమ్మ అవదు. అతనితో ఫోన్‌లో మాట్లాడితే అసలు సంగతి బయటపడింది: ఆ హీరో ఓడిపోయి కూర్చున్నప్పటి సీన్ అంటే వాడికి ప్రాణం. సరే, అదే వేద్దామన్నాను. మిగతా ఫొటోలన్నీ పక్కన పెట్టేశాం.

మాకు కావాల్సింది సూటు వివరాలకు రెండు మూడు ఫొటోలు (ఒకే సూటు ముందు వైపు, వెనక వైపు), ఆపైన ఒక్క వాక్యం. నాకొచ్చిన వాటిలో అన్నిటికంటే మంచి బ్రీఫ్ (ఏం కావాలో చెప్పే మాట) హిందూపురం నుంచి ఒకామె రాసింది: "లేపాక్షి పైకప్పు బొమ్మల్లో వాళ్లకు మల్లే మన సూపర్‌హీరో నిలబడాలి." అంతే. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూసినవాళ్లకు తెలుసు, విజయనగర కాలం నాటి ఆ బొమ్మల్లో మనుషులు పక్కకు తిరిగి వరసగా నిలబడి ఉంటారు, చుట్టూ నల్లటి గీత, మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్ళాయి. కామిక్ ఇంకింగ్‌కు అంత దగ్గరి చుట్టం ఈ జిల్లాల్లో ఇంకోటి లేదు. ఆ హీరోకు కుళ్ళాయి పెట్టాలా వద్దా అన్నదొక్కటే మేం చర్చించుకున్నది. పెట్టాం.

దిద్దుబాట్లు ఏమన్నా ఉంటే థంబ్‌నెయిల్, పెన్సిల్ దశల్లోనే చెప్పాలి. ఇంకు పడ్డాక "చెయ్యి కొంచెం పైకెత్తక్కా" అంటే కొత్త షీటే గతి, కొత్త రేటూ.

ఇప్పుడు కొత్తగా ఏఐ యాప్‌లో చేయించిన బొమ్మ పంపి, దీన్నే ఇంకుతో దిద్దివ్వమంటున్నారు. దాంట్లో బెల్టు ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో తెలియదు, చెయ్యి భుజానికి అతకదు. పోజు సుమారుగా ఇలా ఉండాలని చూపడానికైతే పంపండి. దాన్నే గీసివ్వమంటే మాత్రం తీసుకోను.

అపోహ: ఆర్టిస్టన్నాక ఎవరి స్టైల్లోనైనా వేయాలి

"బాపు బొమ్మలాగా ఉండాలక్కా." నెలకొకరైనా అడుగుతారు. బాపు గారు (1933-2014) చీర కుచ్చిళ్లు ఒక్క బ్రష్ పోటులో తేల్చేవారు, మనిషి బరువంతా ఆ గీతలోనే ఉండేది. దాన్ని చూసి నకలు తీయొచ్చు. తీస్తే ఆ గీత భయంభయంగా వస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. చందమామలో విక్రముడి భుజం మీద బేతాళుణ్ణి వేసిన శంకర్ గారి చేతి మెలకువ వేరు, అట్టలు వేసిన వడ్డాది పాపయ్య గారి రంగుల లోకం వేరు. ఒక స్టైల్ నచ్చితే ఆ స్టైల్లో వేసే మనిషి దగ్గరికే పోవాలి. నా పాత పనులు చూసి నచ్చకపోతే నా దగ్గర వేయించుకోవద్దు, నిష్ఠూరమేం లేదు.

అపోహ: ఒరిజినల్ అంటే మచ్చ ఉండకూడదు

షీటు చేతికందగానే "అక్కా, ఇక్కడ వైట్‌నర్ పూసినారు" అని ఫొటో పంపుతారు. పూశాను. అచ్చయిన కామిక్ పేజీల ఒరిజినల్స్ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి: తెల్ల రంగు దిద్దుబాట్లు, చెరగని నీలం గీతలు, అంచుల్లో ఎడిటర్ రాతలు, ఒక్కోసారి ముఖం మీద అతికించిన ఇంకో ముఖం. కలెక్టర్లు వాటి కోసమే భూతద్దం పట్టుకుని చూస్తారు. లైట్‌బాక్స్ (కింద నుంచి వెలుగిచ్చే పెట్టె) వాడితే మోసమనేది కూడా ఇలాంటి మాటే. సొంత లేఅవుట్‌ను మంచి షీటు మీదికి ఎక్కించుకోవడానికి ప్రొఫెషనల్స్ రోజూ వాడే పరికరం అది. ఇంకొకరి బొమ్మ కింద పెట్టి గీస్తేనే తప్పు.

సైజు గురించి ఒక మాట. అమెరికన్ కామిక్ ఒరిజినల్ పేజీ 11 × 17 అంగుళాల బ్రిస్టల్ బోర్డు అనే మందపాటి డ్రాయింగ్ షీటు మీద, అంటే ఇంచుమించు ఏ3 అంత ఉంటుంది. అచ్చులో అది దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది, అందుకే పుస్తకంలో గీతలు అంత సన్నగా, చిక్కగా కనిపిస్తాయి. ఆ వివరమంతా ఏ4లో కావాలంటే కుదరదు.

అపోహ: డబ్బులిచ్చాను కాబట్టి టీషర్టుల మీద వేసి అమ్ముకుంటా

షీటు మీ సొంతం. గోడకు పెట్టుకోండి, ఇంకొకరికి ఇవ్వండి, అమ్ముకోండి. అచ్చు వేసి అమ్మడం వేరే హక్కు. పైగా సూపర్‌హీరో పాత్ర నాదీ కాదు మీదీ కాదు, ఏదో ఒక కంపెనీది. ఒక అభిమాని కోసం ఒక్క షీటు వేస్తే ఆ కంపెనీలు సాధారణంగా చూసీచూడనట్టు ఉంటాయి. అంతమాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. టీషర్టులు, మగ్గులు, పోస్టర్లు అనేసరికి నోటీసు రావడానికి కారణం దొరుకుతుంది.

మీ సొంత ముఖంతో బొమ్మ వేయించుకుంటే మాత్రం చట్టంలో ఒక మెలిక ఉంది, ఆర్టిస్టుల్లోనే చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్‌ల విషయంలో వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్‌కు తొలి యజమాని వేయించుకున్న మనిషే. అయినా 57వ సెక్షన్ కింద బొమ్మ తనదని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కు ఆర్టిస్టుకు మిగిలే ఉంటాయి. అందుకే డబ్బు తీసుకునేముందే ఏది ఎవరిదో కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకుంటాం. ఊరూ పేరూ తెలిసినవాళ్లయినా సరే.

అపోహ: ఇప్పుడు వేయించుకుంటే రేపు లక్షలు

2022 జనవరిలో అమెరికాలో స్పైడర్‌మ్యాన్ నల్ల సూటు కథ చెప్పే ఒక పేజీ వేలంలో 33.6 లక్షల డాలర్లకు పోయింది. 2014లో వుల్వరీన్ అనే సూపర్‌హీరో మొదటిసారి కనిపించిన 1974 నాటి పేజీకి 6,57,250 డాలర్లు పలికింది. ఈ వార్తలు చూసి ఆశపడతారు. ఆ రెండూ అచ్చయిన పేజీలు, కథలో మలుపులున్న పేజీలు. పైగా ఒకప్పుడు అమెరికా పబ్లిషర్లు ఒరిజినల్స్‌ను ఆర్టిస్టులకు తిరిగి ఇచ్చేవారే కాదు. 1970లలో ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే ఎన్నో పోయాయి, ఆ కొరతా ధరలో ఉంది. కమిషన్ స్కెచ్ దారి అది కాదు. బొమ్మ మీద "ఫలానా వారికి ప్రేమతో" అని పేరు రాయించుకుంటే మారుబేరంలో ధర తగ్గుతుందనే మాట మాత్రం చాలావరకు నిజం. అందుకే కొందరు ఆర్టిస్టులు పేరు రాయించుకునేవాళ్లకే ముందు వేస్తారు, తీసుకున్న మర్నాడే అమ్మేసేవాళ్లను వడకట్టడానికి.

అపోహ: అడ్వాన్స్ ఇస్తే అంతే సంగతులు

ఈ భయం ఉత్తినే రాలేదు. డబ్బు తీసుకుని ఏళ్లతరబడి బొమ్మ ఇవ్వని ఆర్టిస్టులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఇదివరకు వేయించుకున్నవాళ్లను అడగండి, చేతిలో షీటు ఉన్న ఫొటోలు చూడండి. సగం ముందు, సగం ఇంకు అయ్యాక స్కాన్ చూసి ఇవ్వడం మంచి పద్ధతి. మొత్తం ముందే కావాలని తొందరపెట్టేవాళ్ల దగ్గర ఆగండి. అడ్వాన్స్ అసలు ఇవ్వనంటే మాత్రం ఆర్టిస్టు పని మొదలుపెట్టరు. పెట్టకూడదు కూడా.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుంది

చేయించకండి, దండం పెడతా. మనకు పదో తరగతి సర్టిఫికెట్ నుంచి అన్నీ జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించే అలవాటు. ఆ వేడికి, జిగురుకు ఒరిజినల్ ఇక ఎప్పటికీ బయటికి రాదు, మార్కర్ రంగులుంటే ఊరే ప్రమాదమూ ఉంది. ఫ్రేమ్ కట్టేవాళ్లకు కూడా ముందే చెప్పాలి. దేవుడి పటాలకు అలవాటుపడి వెనకాల జిగురు పూసి అట్టకు అంటించేస్తారు. చుట్టూ మౌంట్ (అంచుగా వేసే అట్ట) పెట్టించండి, అద్దం బొమ్మకు తగలకుండా సందు ఉంటుంది. వెనక వేసే అట్ట యాసిడ్-ఫ్రీది అడగండి, మామూలు అట్టకు కాగితం పసుపెక్కుతుంది. పిగ్మెంట్ ఇంకు నల్లగానే నిలుస్తుంది, ఆల్కహాల్ మార్కర్ రంగులు మాత్రం ఎండకు వెలిసిపోతాయి. మన ఎండలు తెలిసినవే కదా, కిటికీకి ఎదురు గోడ వద్దు.

పార్సిల్ విషయానికొస్తే, ట్యూబులో చుట్టి పంపమని చాలామంది అడుగుతారు. మందపాటి బోర్డు చుడితే నలుపు పోసిన చోట పగుళ్లు వస్తాయి, విప్పాక షీటు మళ్లీ చదును కాదు. రెండు హార్డ్‌బోర్డుల మధ్య చదునుగా పెట్టి, ప్లాస్టిక్ కవర్ వేసి, చుట్టూ టేపు కొట్టి ఆర్టీసీ కార్గోలోనో స్పీడ్ పోస్టులోనో వేస్తాను. పార్సిల్ మీ చేతికొచ్చాక కత్తి పెట్టి అడ్డంగా కోసేయకండి. ఏ అంచు దగ్గర విప్పాలో బాణం గుర్తు వేసి ఉంటుంది, అక్కడి టేపు మాత్రం లాగండి.